కట్టివేసిన పడవలో కారిపోయే విద్యుత్తు

1908వ సంవత్సరం సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరదను హైదరాబాదు పాతబస్తీ ఇప్పటికీ మరచిపోలేదు. నదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో, ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుకొంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆనాడు మునిగినవారికి అందిన సాధనం చెట్టుకొమ్మ. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వెలిశాయి. మూసీకి కొంత పగ్గం పడినది. అయితే నీటికి దారులు అనేకం. 2020 అక్టోబరులో పాతబస్తీని ముంచినది నది ఒక్కటే కాదు. చెరువులు, వాటి అలుగులు, ఇండ్లక్రింద పూడిపోయిన పాత కాలువలు కూడ పొంగినవి. ఆ నెల 17వ తేదీ రాత్రి బాలాపూరు గుర్రం చెరువు కట్ట తెగి, హాఫిజ్‌బాబా నగర్ వీధులలోనికి నీరు వచ్చినది. ఫలక్‌నుమా ప్రాంతపు అల్ జుబైల్ కాలనీలో రోజులతరబడి నీరు నిలిచినది. వీధులలో పడవలు నడిచినవి.

పడవలు నడిచినవన్న మాట వార్తలలో ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. దాని వెనుక ఒక చిన్న ప్రశ్న ఉన్నది. సహాయానికి ఉపయోగించే మోటారు పడవ సంవత్సరంలో పదకొండు నెలలు రేకుల షెడ్డుక్రిందనో చెరువు గట్టుననో ఊరక ఉంటుంది. పన్నెండవ నెలలో ఒకనాటి అర్ధరాత్రి, ఒక గంట వ్యవధిలో దానితో పని పడుతుంది. చిన్న ఇంజను అయితే తాడు లాగి నడపవచ్చును. పెద్ద ఇంజనుకు సెల్ఫ్ కొట్టవలెను. మీట నొక్కగానే ఇంజను గర్జించవలసినచోట ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకొంటే, గట్టున నిలబడినవారు ఏమి చేయగలరు? బ్యాటరీ దిగిపోయినది అంటారు. ఎవరూ వాడని బ్యాటరీ ఎట్లా దిగిపోయినది? ఈనాటి మన విషయం అదే.

శ్రోతలలో వయసు మళ్ళినవారికి ఈ చిక్కు కొత్త కాదు. విద్యుత్తు చేరని గ్రామాలలో రేడియో బ్యాటరీలమీదనే పాడేది. వాల్వుల దారానికి ఒకటిన్నర వోల్టు, పై వలయానికి 90 వోల్టుల కట్ట కావలసివచ్చేది. రాత్రి వార్తలు విని, మీట కట్టకుండ నిద్రపోతే తెల్లవారేసరికి ఆ కట్ట నీరసించేది. ధ్వని మాత్రం తగ్గించి, సెట్టు ఆపివేశామనుకొనే ఇళ్ళు కూడ ఉండేవి. చప్పుడు లేకపోతే ఖర్చు లేదని వారి అభిప్రాయం. పడవ విషయంలోనూ అట్లా అనుకొనేవారే అధికం.

మొదట బ్యాటరీ అంటే ఏమిటో రెండు మాటలలో చూద్దాము. అది విద్యుత్తును నీటివలె నింపి ఉంచే కుండ కాదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లంలో ముంచి, మరల మరల నింపదగిన ఘటాన్ని తయారుచేశాడు. 1881లో కామిల్ ఫోర్ ఆ రేకులకు సీసపు ముద్ద పూసి దాని సత్తువను పెంచాడు. పడవలలోను కారులలోను కనిపించే సీసపు బ్యాటరీకి మూలం అదే. ఒక్కొక్క ఘటం రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది. ఆరు ఘటాలు వరుసగా కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది. విద్యుత్తు బయటికి పోతున్నకొద్దీ లోపలి ఆమ్లం పలకలలోనికి ఇంకి, రెండు రకాల పలకలూ సీసపు సల్ఫేటుగా మారుతాయి. మిగిలిన ద్రవం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఈ మార్పు వెనుకకు నడుస్తుంది. అయితే దిగిపోయిన స్థితిలో వారాలతరబడి వదలివేసినట్లయితే, ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలై పలకలను పట్టుకొంటుంది. అప్పుడు ఎంత ఛార్జి చేసినా పూర్వపు సత్తువ రాదు. కనుక చిన్న కారుడును పట్టించుకోనివాడు విద్యుత్తును మాత్రమే గాక బ్యాటరీనే పోగొట్టుకొంటాడు. అద్దెకు పడవ నడిపి బ్రతికేవానికి అది చిన్న నష్టం కాదు.

దిగిపోయిన బ్యాటరీ కనబడగానే తీగలమీద అనుమానపడుట తొందరపాటు. ముందు బ్యాటరీనే పరీక్షించవలెను. దానిని పూర్తిగా ఛార్జి చేసి, తీగలు విడదీసి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి వోల్టులు చూడవలెను. ఛార్జరు తీసిన వెంటనే కనిపించే అంకె పైపూత వంటిది. దానిని నమ్మరాదు. విశ్రాంతి పొందిన మంచి బ్యాటరీ 12.6 గాని 12.7 గాని చూపుతుంది. 12.2 అంటే సుమారు సగం. 12.0కు వస్తే పావువంతే మిగిలినది. ఈ అంకెలలో ఒక మోసం ఉన్నది. నిండుకూ సగానికీ మధ్య తేడా అర వోల్టయినా లేదు! ముల్లు పెట్టిన చౌకరకపు మీటరు అంత సన్నని తేడాను చూపలేదు. ఘటాలకు మూతలు ఉన్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరు మరింత నిజం చెబుతుంది. నిండు ఆమ్లపు సాంద్రత 1.265 దరిదాపులలోను, సగానికి 1.190 దరిదాపులలోను, ఖాళీ అయితే 1.120 దరిదాపులలోను ఉంటుంది. మనవంటి ఉష్ణదేశాలలో ఆమ్లాన్ని మొదటనే కొంచెం పలుచగా పోయడం కద్దు. కాబట్టి అంకెకన్నా ఘటాల మధ్య పొత్తు ముఖ్యం. ఐదు ఘటాలు 1.250 చూపి ఆరవది 1.150 చూపినచో, తప్పు పడవలో లేదు, ఆ ఆరవ ఘటంలో ఉన్నది.

బ్యాటరీ తనంతట తానుగా కూడ కొంత కరుగుతుంది. వేడి పెరిగినకొద్దీ ఆ కరుగుదల పెరుగుతుంది. వాతావరణం పది సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కితే అది సుమారు రెట్టింపు అవుతుందని లెక్క. మన నగరంలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డుక్రింద ఉన్న పడవను తలచుకోండి. ఇక బ్యాటరీ పైముఖంమీద దుమ్ము, నూనె, ఆమ్లపు తడి కలిసి పొరగా పేరుకొంటే, రెండు ధ్రువాల నడుమ అదే ఒక సన్నని తీగ అవుతుంది. మీటరు ఒక కొనను ఋణధ్రువానికి తాకించి, రెండవ కొనను ఆ మురికిమీద పెట్టి చూడండి. ముల్లు కదిలినదంటే మురికి మేస్తున్నదన్నమాట. తినేసోడా కలిపిన నీటితో తుడిచి ఆరబెట్టవచ్చును. ఆ నీరు ఘటాలలోనికి పోకుండ మూతలు బిగించి ఉంచుట అవసరం.

బ్యాటరీ మంచిదని తేలిన తరువాత వేట మొదలవుతుంది. ఇక్కడ నేను చూచిన ఒక ఉదాహరణ చెబుతాను. అది సహాయపు పడవ కాదు. నగరంలోని ఒక జలాశయంలో శని ఆదివారాలు విహారానికి తిరిగే పడవ. దానిలో 100 ఆంపియర్-గంటల బ్యాటరీ. కొత్తది పెట్టిన మొదటి శనివారం ఇంజను వెంటనే నడిచేది. రెండవ శనివారం ‘టక్’మనేది. ఛార్జింగు షాపుకు మోసుకొనిపోయి రాత్రంతా ఛార్జి చేయిస్తే మరల ఒక వారం నడిచేది. అమ్మిన అంగడివారు బ్యాటరీ చెడిపోయినదన్నారు. ఇంకొకటి కొన్నారు. దానికీ అదే గతి. మూడవది కొనబోయేముందు, బహదూర్‌పురా నుంచి ఒక మిస్త్రీని పిలిపించారు. యాభై దాటిన మనిషి. చేతిలో ఒక మల్టీమీటరు, రెండు తీగలు తగిలించిన ఒక కారు బల్బు, ఒక పదినంబరు పానా. అంతే సామాను.

ఆయన సెల్ఫ్ జోలికి పోలేదు. పడవలో దీపాలు, పంకా, పాటల పెట్టె అన్నీ ఆపించి, తాళంచెవి తీయించి, అడుగుపలక మూత తీసి కూర్చున్నాడు. బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, ధ్రువానికీ తీగకూ నడుమ ముందుగా కారు బల్బును పెట్టాడు. అది ప్రకాశవంతంగా వెలిగితే కారుడు పెద్దది, మీటరు పెడితే దాని ఫ్యూజు పోతుంది. బల్బు వెలగలేదు, కాని దారం సన్నగా ఎర్రబడినది. అప్పుడు బల్బు తీసి, మీటరును పది ఆంపియర్ల మెట్టుమీద పెట్టి అదేచోట తగిలించాడు. అంకె 0.42 అని నిలిచినది.

“బ్యాటరీ మంచిగనే ఉన్నది, సార్. తాగెటోడు వేరే ఉన్నడు,” అన్నాడు.

“తాగేవాడెవడు, భాయ్?” అని అడిగాను.

“గదే చూస్తున్న. జర ఆగుండ్రి.”

ఆయన వెతుకుచుండగా మనం లెక్క వేద్దాము. 0.42 ఆంపియరు చూపుకు స్వల్పం. అయితే అది రాత్రింబవళ్ళు ఆగదు. రోజుకు 24 గంటలు గుణిస్తే పది ఆంపియర్-గంటలు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు కట్టివేసిన పడవను శనివారం ఉదయం ఎనిమిదికి విప్పుతారనుకొంటే మధ్యకాలం 134 గంటలు. అంటే 56 ఆంపియర్-గంటలు హరించినవి. నిండు నూరులో 44 మిగిలినవి. ఆ మిగులు ఇంజనును లేపుతుంది. ఆ రెండు రోజులలో ఇంజను నాలుగు గంటలు తిరిగి, గంటకు ఎనిమిది చొప్పున నింపినదనుకొందాము. అప్పుడు 76 అవుతుంది. మరుసటి వారం అందులోనుంచి మరల 56 పోతే మిగిలేది 20. ఇక ‘టక్’ తప్ప ఏమి వస్తుంది? మొదటి శనివారపు విజయమూ రెండవ శనివారపు పరాభవమూ ఈ కూడికలు తీసివేతలలోనే ఉన్నవి. అంగడిలో బ్యాటరీని పరీక్షించినవారికి ఇది కనబడదు. పడవనుంచి విడివడగానే కారుడు ఆగిపోతుంది గదా!

పడవవారు అంతకాలమూ నింద మోపినది సెల్ఫ్‌మీద. మాటిమాటికీ ఇంజను ఆపి నడపడంవలన బ్యాటరీ అయిపోతున్నదని వారి నమ్మకం. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. మన చెరువులలో గుర్రపుడెక్క పెద్ద బెడద. పాతబస్తీ అంచున ఉన్న మీర్ ఆలం చెరువునే చూడండి. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, నిజాము దివానుగా పనిచేసిన మీర్ ఆలం పేర కట్టిన ఆ చెరువు ఆనకట్టకు 21 అర్ధచంద్రాకారపు కమానులు ఉన్నవి. నీటి ఒత్తిడిని ఆ కమానులు పక్కలకు మళ్ళించే తీరు ఇంజనీర్లు ముచ్చటపడి చూచేది. ఒకప్పుడు నగరానికి త్రాగునీరు ఇచ్చిన ఆ చెరువులో గుర్రపుడెక్క పచ్చని తివాచీవలె పరచుకోవడం చూచినవారికి తెలుసును. అటువంటి నీటిలో మోటారు రెక్కకు కలుపు చుట్టుకొని ఇంజను పదేపదే ఆగుతుంది. పదేపదే సెల్ఫ్ కొట్టవలసి వస్తుంది. అయినను లెక్క చూడండి. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగి మూడు సెకనులు తిరిగినదనుకొన్నా ఖర్చు ఆంపియర్-గంటలో ఎనిమిదవ వంతు మాత్రమే. మన 0.42 దొంగ అంతే మొత్తాన్ని 18 నిమిషాలలో తినివేస్తాడు. పెద్ద చప్పుడు చేసేది సెల్ఫ్, బ్యాటరీని ఖాళీ చేసేది చప్పుడు లేనిది.

మిస్త్రీ మీటరును కదపకుండ ఫ్యూజులు ఒక్కొక్కటే తీయసాగాడు. ఏ ఫ్యూజు తీయగానే అంకె పడిపోతుందో ఆ దారిలో దోషం ఉన్నట్లు. దీపాల ఫ్యూజు తీశాడు, 0.42. పంకాది తీశాడు, 0.42. హారనుది, ఇంజను గడియారాలది తీశాడు. చివరిదానితో అంకె 0.41కి వచ్చినది. ఆ నూరవవంతు గంటల లెక్క చూపే చిన్న గడియారానిది, న్యాయమైన ఖర్చు. ఆపై ప్రధాన స్విచ్చినే కట్టివేశాడు. అంకె చలించలేదు. ఫ్యూజులపెట్టె అంతా ఖాళీ అయినా, ప్రధాన స్విచ్చి కట్టినా విద్యుత్తు పోతూనే ఉన్నదంటే, స్విచ్చికి ముందే, నేరుగా బ్యాటరీ కొననుంచి ఎవరో తీగ తీసుకొన్నారన్నమాట. ఇటువంటి వేటలో ఇది అతి ముఖ్యమైన ఘట్టం. ఇక్కడికి వచ్చేసరికి చాలమంది విసిగి, దోషం దొరకలేదని లేచిపోతారు. నిజానికి దోషం ఎక్కడ లేదో పూర్తిగా తేలినది. మిగిలినది ధనధ్రువపు బోల్టుక్రింద ఎన్ని తీగలు ఉన్నవో లెక్కపెట్టడమే.

నాలుగు ఉన్నవి. ఒకటి ప్రధాన స్విచ్చికి పోయే లావుపాటిది. రెండవది ఇంజను ఆల్టర్నేటరుది. దానిలోని డయోడులు విద్యుత్తును ఒకే దిక్కుకు పోనిచ్చే తలుపుల వంటివి. ఆ తలుపులలో ఒకటి చెడితే నిలిచి ఉన్న ఇంజనులోనికి బ్యాటరీ వెనుకకు కారుతుంది. మిస్త్రీ ఆ తీగ విప్పి చూచాడు. అంకె మారలేదు, తలుపులు గట్టివే. మూడవ తీగ పలకలక్రిందుగా పోయి, ప్రయాణికులకు సూచనలు చెప్పే మైకు పెట్టె వెనుక తేలినది. బిగించినవారు శ్రమ తగ్గించుకొని దానిని నేరుగా బ్యాటరీకి తగిలించారు. ముందువైపు మీట కట్టితే ఎర్రదీపం ఆరుతుంది, ధ్వని ఆగుతుంది. లోపలి ఆంప్లిఫయరు మాత్రం మేలుకొనే ఉంటుంది. ఆ తీగ విప్పగానే అంకె ఒక్క గంతుతో 0.06కు దిగినది. అంటే మైకు ఒక్కటే 0.35 తాగుతున్నదన్నమాట. పాత రేడియో ముచ్చట గుర్తుకు వచ్చినదా?

నాలుగవ తీగ సంగతి వేరు. అది పడవ అడుగున చేరే నీటిని తోడే పంపుది. దానిని ప్రధాన స్విచ్చికి ముందు కలపడం తప్పు కాదు సరికదా, అట్లాగే కలపవలెను. వానకు, సన్నని చిల్లులకు పడవలో నీరు చేరుతుంది. మనుషులు లేనివేళ ఫ్లోటు స్విచ్చి తేలి, పంపును తానే నడిపించవలెను. ఈ ఒక్క వలయాన్ని కట్టివేస్తే బ్యాటరీ మిగులుతుంది, పడవ మునుగుతుంది. అయితే ఆ తీగల అతుకు అడుగునీటిలో నానుతున్నది. చుట్టిన పట్టీ ఊడినది. రాగి పచ్చబడి, నల్లబడి ఉన్నది. మురికినీటి చెరువులలో పుట్టే హైడ్రోజను సల్ఫైడు వాయువు రాగిని నల్లబరచే గుణం కలది. ఆ తడి అతుకుగుండా 0.06 ఆంపియరు నీటిలోనికి కారుతున్నది. మిస్త్రీ అతుకును కోసివేసి, కొత్త తీగ టంకం పెట్టి, గొట్టపు తొడుగు వేసి, నీటి మట్టానికి జానెడు పైన కట్టాడు. ఫ్యూజులన్నీ యథాస్థానంలో పెట్టి, మైకు తీగను ప్రధాన స్విచ్చి తరువాత తన ఫ్యూజుతో కలిపి చూచేసరికి మీటరు 0.01 చూపినది. గడియారం ఒక్కటే. రోజుకు పావు ఆంపియర్-గంట. ఆ లెక్కన నూరులో సగం తరగడానికి 200 రోజులు పైగా పడుతుంది. ఆ లోపల బ్యాటరీ సహజపు కరుగుదలే దానిని మించిపోతుంది.

నీటిలోనికి కారిన ఆ చిన్న ప్రవాహాన్ని చులకన చేయరాదు. బ్యాటరీకి దాని నష్టం అల్పం, పడవ లోహాలకు ఎక్కువ. విద్యుత్తు లోహంనుంచి నీటిలోనికి దిగేచోట లోహం కూడ కొంచెం కొంచెం కరిగి పోతుంది. మోటారు రెక్క, దాని ఇరుసు, అడుగున ఉన్న బోల్టులు గుంటలు పడతాయి. బ్యాటరీ ఊసే లేకుండా, రెండు వేరు లోహాలు ఒకే నీటిలో ఉన్నా ఈ తినివేత జరుగుతుంది. వోల్టా 1800లో తన స్తంభాన్ని నిర్మించినది ఈ సూత్రంమీదనే. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఇంగ్లండు యుద్ధనౌకల రాగి తొడుగులకు యశదం, ఇనుము ముక్కలను తగిలించి, రాగికి బదులు అవి కరిగేటట్లు చేశాడు. ఉపాయం పారినది, రాగి నిలిచినది. కాని కరగడం మానిన రాగికి విషమూ పోయినది. సముద్రపు గుల్లలు, నాచు హాయిగా పట్టుకొని ఓడల వేగం తగ్గించినవి! శాస్త్రజ్ఞుడు ఒక వాకిలి మూస్తే ప్రకృతి మరొకటి తెరచినట్లయినది. ఆ ఉపాయం తరువాతి ఇనుప ఓడలకు ఎంతో మేలు చేసినది. ఇప్పటికీ మోటారు పడవల అడుగున అటువంటి బలిముక్కలు బిగిస్తారు. ఉప్పునీటికి యశదం, మంచినీటి చెరువులకు మెగ్నీషియం అనువైనవి. రెండు నెలలలోనే ముక్క అరిగిపోయినదంటే పడవలో ఎక్కడో తడి అతుకు ఉన్నదేమో చూడవలసినదే.

ఇంటివద్ద కారుకో, నీటిపంపు ఇంజనుకో ఈ పరీక్ష చేయదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. మీటరు వరుసలో ఉండగా సెల్ఫ్ కొట్టరాదు. నూరు ఆంపియర్లు ఆ సన్నని యంత్రంగుండా పోవు, పోతే అది బ్రతకదు. తీగ తగిలించిన వెంటనే కనిపించే అంకెను బట్టి తీర్పు చెప్పరాదు. ఈనాటి వాహనాలలోని ఎలక్ట్రానిక్ పెట్టెలు నిద్రకు జారడానికి కొన్ని నిమిషాలు, ఒక్కొక్కప్పుడు అరగంట పడుతుంది. తలుపు తెరచి ఉంచితే లోపలి దీపం వెలిగి, దానినే దొంగ అని భ్రమపడవచ్చును. విప్పేటప్పుడు ఋణధ్రువాన్ని ముందు విప్పి, బిగించేటప్పుడు దానినే చివర బిగించవలెను. ఉంగరం, గడియారం తీసివేయుట మంచిది. ఛార్జి అవుతున్న బ్యాటరీనుంచి ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడుతాయి. గాలిలో ఉదజని నూటికి నాలుగు పాళ్ళకు చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. పడవలో పెట్రోలు ఆవిరి కూడ అడుగుననే పేరుకొంటుంది. కనుక మూతలు తెరచి గాలి ఆడనిచ్చిన తరువాతనే తీగలు ముట్టుకోవలెను. బీడీ కాల్చేవారిని గట్టుమీదికి పంపివేయవలెను. ఆ మాట మిస్త్రీ మొదటనే చెప్పాడు, కొంచెం గట్టిగానే చెప్పాడు.

మరల సహాయపు పడవల వద్దకు వద్దాము. కారుడు లేదని తేలినా, నెలలతరబడి ఊరక ఉన్న బ్యాటరీ కరిగే తీరు పైన చెప్పుకొన్నాము. అందుకు ఒక మార్గం, పడవను షెడ్డులో పెట్టగానే బ్యాటరీని విప్పి, చల్లని గదిలో నెలకొకసారి ఛార్జి చేయడం. అయితే అర్ధరాత్రి పిలుపు వచ్చినప్పుడు బ్యాటరీ ఒకచోట, పానా ఒకచోట, గది తాళం మరొకచోట ఉండటం మన అనుభవంలో లేని విషయం కాదు. కాబట్టి పడవలోనే ఉంచి, షెడ్డు గోడనుంచి స్వయంగా ఆగిపోయే ఛార్జరును కలిపి ఉంచడం మేలని నా అభిప్రాయం. కరెంటు లేనిచోట సూర్యరశ్మి పలక ఉన్నది. పది వాట్ల పలక, మధ్యలో నియంత్రణ పెట్టెతో, మన ఎండలో రోజుకు సుమారు రెండు ఆంపియర్-గంటలు ఇస్తుంది. సహజపు కరుగుదలకు, గడియారానికి అది పుష్కలంగా చాలుతుంది. రోజుకు ఎనిమిది ఆంపియర్-గంటలకు పైగా తాగే మైకు పెట్టెకు చాలదు. కొందరు కారుడును వెతకకుండ పలక తగిలించి సరిపెట్టుకొంటారు. ఎండ కాచినన్నాళ్ళు పడవ నడుస్తుంది. వారం రోజులు ముసురు పట్టిన తరువాత, అంటే సరిగా పడవ కావలసిన రోజున, బ్యాటరీ ఖాళీగా ఉంటుంది.

జూను మొదటి వారంలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పడవను దించి చూచే పద్ధతి ఉన్నచోట ఈ పరీక్షకు అదనంగా పట్టేది పావుగంట. విశ్రాంతి వోల్టులు, ఆరు ఘటాల సాంద్రత, అన్నీ ఆపిన తరువాత కారే ఆంపియర్లు, ఈ మూడు అంకెలు తేదీతోసహా వ్రాసి ఉంచితే, తరువాత వచ్చినవారికి మార్పు కంటబడుతుంది. బహదూర్‌పురా మిస్త్రీ వాటిని ఆ విహారపు పడవ బ్యాటరీ పెట్టె మూత లోపలివైపున తెల్లరంగుతో వ్రాసి పెట్టాడు. కాగితమైతే తడుస్తుందన్నాడు.